తాళ్ల పటం తలకిందులైన కథ

మా అక్క చెప్పేది నమ్మకండి. ఏ పెళ్లిలోనైనా విస్తళ్లు వేసేలోపు కాస్త కాలక్షేపం కావాలంటే చాలు, చుట్టూ పదిమందిని పోగేసుకుని, "మా చెల్లె ఉన్నది చూడుండ్రి, నౌకరిల చేరిన కొత్తల పెద్దాఫీసరు ముంగట పటాన్ని తలకిందులు తగిలేసింది. పాపం, ఆయన మెడ వంకర పోయింది" అని మొదలుపెడుతుంది. అందరూ నవ్వుతారు. చేతిలో మంచినీళ్ల గ్లాసుతో నేనూ అక్కడే నిలబడి ఉంటాను. మొదట్లో "అట్ల కాదు" అని అడ్డుపడేదాన్ని. తరువాత గొంతు పెంచి అడ్డుపడేదాన్ని. అప్పుడు జనం ఆ కథ వదిలేసి, "ఈమె నోటికి ఎవరాగుతారమ్మా" అనే ఇంకో కథ పట్టుకుపోయేవారు. ఇప్పుడు నాకు ఓపిక లేదు. మోకాళ్ల నొప్పులు, బీపీ మాత్రలు, రోజూ వచ్చీ రాని పనిమనిషి, వీటి మధ్య ముప్పై ఏళ్ల నాటి పటాన్ని కూడా వెంట మోసుకు తిరగడం నా వల్ల కాదు. అందుకే ఒక్కసారి కాగితం మీద పెట్టేసి చేతులు దులుపుకుంటున్నాను. నిజం కావలసినవాళ్లు ఇది చదవండి, నవ్వు కావలసినవాళ్లు మా అక్క పక్కన కూర్చోండి. ఆ పటాన్ని నేను తలకిందులు చేయలేదు. తలకిందులుగా ఉన్నదాన్ని సరిచేశాను. ఈ రెండింటికీ తేడా తెలియని మనుషుల మధ్యే నా జీవితమంతా గడిచిపోయింది.

ఆ రోజుల్లో మాదాపూర్ అన్నది ఒక ఊరి పేరని కూడా సిటీలో చాలామందికి తెలియదు. నాకు అక్కడ ఉద్యోగమని చెబితే, "ఏ జిల్లాల ఉన్నది?" అని జాలిగా అడిగేవారు. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పుడు బండలు, బండల మధ్య సీతాఫలం పొదలు, పొదల మధ్య మేకలు. బస్సు ఉండేది, కానీ దానికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది. దిగాక ఎర్రమట్టిలో నడక. ఇంటి దగ్గర ఏ రంగు చీర కట్టుకున్నా ఆఫీసు గుమ్మం ఎక్కేసరికి అందరిదీ ఒకటే రంగు. ఆఫీసంటే ఒక పటేలు గారి ఇంట్లో కిరాయికి తీసుకున్న రెండు గదులు. ఒక దాంట్లో మేము, రెండో దాంట్లో పటేలు గారి వడ్ల బస్తాలు (ఖాళీ చేస్తానని ఆయన మాటిచ్చాడు. చివరికి మేమే ఖాళీ చేశాము, బస్తాలు చేయలేదు). మా పని చుట్టుపక్కల బావుల్లో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో నెలనెలా కొలవడం. గట్టు మీద నిలబడి టేపు దించాలి, నీళ్లు తగిలేదాకా వదలాలి, ఆ అంకె రాసుకోవాలి. అంకె పెరిగిందంటే నీళ్లు అంత కిందికి పోయాయని అర్థం. ఈ ఒక్క ముక్క మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోండి. ఆ రోజు ఆ గదిలో ఇది ఎవరికీ గుర్తు లేకపోవడం వల్లే ఇంత రభస.

మా పైన ఒక సారు ఉండేవారు. గోదావరి వైపు మనిషి, మంచి మనిషి, కానీ ఎర్రసిరా కలం చేతిలో ఉంటే ఆగలేరు. కంటికి కనిపించిన ప్రతి కాగితాన్నీ దిద్దేవారు. ఆయన్ని మేము చాటుగా ఎర్రసిరా సారు అనేవాళ్లం (సొంత కూతురి శుభలేఖను అచ్చయ్యాక దిద్ది పంచిపెట్టారని కూడా అనేవారు, నేను చూడలేదు). ఇక ఆఫీసుకు రోజూ కడవతో నీళ్లు తెచ్చిపోసే ఆమెను నీళ్లక్క అనేవాళ్లం. ఆమెది ఊరికి ఎగువన బండల మీదున్న గుట్ట మీది వాడ. ఆ వాడకు ఒకటే బావి. చలికాలం పోగానే దాని అడుగు కనిపించేది. ఇక ఆడవాళ్లంతా దిగువన ఉన్న చెరువు కింది వాడదాకా దిగి, అక్కడివాళ్లతో మాటలు పడి, కడవలెత్తుకుని మళ్లీ గుట్ట ఎక్కేవారు. ఆమె మాకు పోసే నీళ్లు కూడా అట్లా ఎక్కివచ్చినవే. తాగుతుంటే సిగ్గేసేది, దాహమేసి తాగేవాళ్లం.

నేను చేరిన ఏడాది వానలు మొహం చాటేశాయి. మా వైపుకు ఒక బోరు వేసే మిషను వస్తోందని, అది ఏ వాడలో దిగాలో చెప్పడానికి పెద్దాఫీసరు స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. ఒకటే బోరు. గుట్ట మీది వాడకు వస్తే నీళ్లక్క నడుము దక్కుతుంది, చెరువు కింది వాడకు పోతే ఆమె గుట్ట ఎక్కుతూనే ఉంటుంది. సంగతి ఇంతే. అంకెలు చూస్తే ఎవరికైనా తెలిసేదే. కానీ ఎర్రసిరా సారు నన్ను పిలిచి, "చూడమ్మాయ్, పెద్దాయనకి అంకెలు చూపిస్తే తలనొప్పి వస్తుందండి. బొమ్మ కావాలి. గోడకి తగిలిస్తే గుమ్మంలోంచే అర్థమైపోవాలి. నువ్వు చదువుకున్నదే ఆ లెక్కల చదువు కదా, గీసెయ్" అన్నారు. నా లెక్కల చదువు గురించి నిజం చెప్పాలంటే, కాలేజీలో బొమ్మలకు ఇచ్చింది ఒక్క పాఠం. అది పరీక్షలో రాదన్నారని మా లెక్చరరమ్మ దాటేసింది. అయినా "గీస్త సార్" అన్నాను. నోరు ముందు, మనిషి వెనక. నాకది పుట్టుకతో వచ్చింది.

నేర్చుకుందామంటే ఎక్కడ? సిటీలో మాకు తెలిసిన లైబ్రరీలో గ్రాఫులు గీయడం మీద ఒకే ఒక ఇంగ్లీషు పుస్తకం ఉండేదట. ఆ కాస్త ఆశతో రెండు బస్సులు మారి వెళ్లాను. అక్కడి పెద్దమనిషి కళ్లజోడు పైకి తోసి, "గ్రాఫుల కితాబా? ఉండె. మీ ఆఫీసు సారే తీస్కపోయిండు. అడిగినప్పుడల్ల 'రేపు తెస్తానండి' అంటడు. గా రేపు ఇంక రాలే" అన్నాడు. మరునాడు మా సారు బల్ల దగ్గర నిలబడి చూద్దును కదా, ఆయన టేబుల్ ఫ్యాను కింద ఒక లావుపాటి పుస్తకం ఉంది. అన్నాళ్లుగా ఆ గాలి నేనూ పీల్చుకుంటున్నాను.

"సార్, ఆ ఫ్యాను కిందున్న పుస్తకం జర ఇస్తరా?"

"అది తీస్తే గాలి మొహానికి తగలదమ్మాయ్. పొట్టకి తగులుతుంది."

"పుస్తకం చదవనీకి సార్."

"చదవడానికా?" అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. చివరికి పాత పేపరులో చుట్టిన ఇటుకను ఫ్యాను కింద పెట్టి పుస్తకం విడిపించుకున్నాను. గాలి ఇటుకబట్టీ వాసన వేస్తోందని ఆయన చాలాకాలం సణిగారు.

ఇంత కష్టపడి తెచ్చిన పుస్తకంలో ఏముంది? బొగ్గు, గోధుమలు, ఓడలు. టోపీలు పెట్టుకున్న మనుషుల వరుసలు. ఒక్కొక్క టోపీవాడు లక్షమందికి గుర్తట, మిగిలిన చిల్లరకు ఒక టోపీవాణ్ణి నిలువునా సగం కోసి పెట్టారు. చూసి జాలేసింది, అయినా అదే పట్టుకున్నాను. టోపీవాళ్ల బదులు బిందెలు వేశాను, చిల్లర నీళ్లకు సగం బిందె. ఎర్రసిరా సారు చూసి, "సగం బిందె ఏమిటమ్మాయ్? పగిలిందా?" అన్నారు. ఇంట్లో మా అక్క చూసి, "ఎవ్వలింట్ల పెండ్లి సామాను?" అంది. ఆ మహాతల్లి అంతటితో ఊరుకోలేదు. ఆఫీసు నుంచి బతిమాలి తెచ్చుకున్న గ్రాఫు కాగితాల మీద, నేను నిద్ర లేచేసరికి, తన క్రాస్ కుట్టు దిండు గలీబు కోసం ప్రతి గడికీ రంగు నింపి ఒక చిలకను దింపింది. అడిగితే, "గళ్లు ఉన్నయెందుకు మరి?" అంది. ఇప్పుడు పెళ్లిళ్లలో నా పటం కథ చెప్పేది ఈమే. (ఆ చిలక మాత్రం బాగా కుదిరిందని ఒప్పుకోవాలి. నా గీతలకంటే నయంగా ఉంది.)

అప్పుడే మా పెద్దమ్మ టైఫాయిడ్‌తో దవాఖానలో పడింది. చూడటానికి పోతే ఆమె మంచం కాళ్ల దగ్గర ఒక అట్ట, అట్ట మీద జ్వరం గీత. పెద్దమ్మకు సంతకం కూడా రాదు. అయినా ఆ అట్ట వైపు చెయ్యి చూపి, "నిన్న గీత దిగింది బిడ్డా. ఇయ్యాల ఇంకింత దిగితె రేపు అన్నం పెడ్తరు" అంది. నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఒక్క గీత. పక్కన టోపీవాళ్లు లేరు, ఓడలు లేవు. ఆకలిగా ఉన్న మనిషి దాన్ని చదువుకుంటోంది. పైగా ఇక్కడ గీత దిగితే శుభం. పైకి పోయిందల్లా మంచిదని ఎవరు చెప్పారు మనకు? వెంటనే సంచిలోంచి కాగితం తీసి ఆ అట్ట చూసి గీసుకుంటుంటే నర్సమ్మ వచ్చి లాక్కుంది. "ఏందమ్మా, ఆమె జరం నీకెందుకు? నీ జరం నువ్వు తెచ్చుకో" అంది. లేచి వచ్చేశాను. ఆమెతో కూడా వాదించేదాన్నే, పెద్దమ్మ వద్దని సైగ చేసింది.

ఆ తరువాతి కొలత రోజున గుట్ట మీది బావి దగ్గర టేపు దించుతుంటే నీళ్లక్క పక్కనే గట్టు మీద కూర్చుని తాడుకు తాడు ముడేస్తోంది.

"ఇంక ఎన్నొద్దులు కొలుస్తవ్ బిడ్డా? కొలిస్తె నీళ్లొస్తయా?"

"వస్తయక్కా. పెద్దాఫీసరుకు సమజయ్యేటట్టు బొమ్మ గియ్యాలె. అదే తెలుస్తలేదు."

"గింత సదువుకుంటివి, బొమ్మ రాదా? గీ తాడు జూడు. దసరాకు ఇక్కడిదాక ఉండె. ఇగ ఇప్పుడు ముడి మీద ముడి. తాడు ఒడిసిపోతె మా ఆయన పాత పంచె జించి ముడేసిన. ఆయన పరేషాన్ అయితుండు, ఏం కట్టుకోవాల్నని."

ఆమె నవ్వింది, నేను నవ్వలేదు. నేను ఆ తాడును చూస్తున్నాను. (ఆ ఆలోచన నీళ్లక్కదేనని తరువాత మా ఆఫీసులో అన్నారు. తాడు ఆమెది, ఆలోచన నాది. ఈ విషయంలో కూడా నాకు రాజీ లేదు.) పటంలో పైన అడ్డంగా ఒక మట్టిరంగు గీత, అది నేల. దాని మీంచి, దండెం మీద ఆరేసినట్టు, నెలకొక తాడు కిందికి వేలాడుతుంది. నీళ్లు ఎంత లోతుంటే తాడు అంత పొడుగు. ప్రతి తాడు కొసనా నీళ్లలో మునిగిన చిన్న బిందె. ఎడమ వైపు గుట్ట మీది వాడ, కుడి వైపు చెరువు కింది వాడ. కుడి వైపు తాళ్లు పొట్టిగా హాయిగా ఊగుతుంటాయి, ఎడమ వైపు ఎండాకాలం వచ్చేసరికి తాడు కాగితం అంచు దాకా దిగుతుంది. ఏ పుస్తకంలోనూ లేదు ఇది. గీసి గుడ్డకు అంటించి, బడిలో దేశపటానికి ఉన్నట్టు పైన ఒకటి, కింద ఒకటి కర్రలు పెట్టించాను. ఆ రెండో కర్రే కొంప ముంచింది.

సారు కలం మూత తీసి పటాన్ని పై నుంచి కింది దాకా చూశారు.

"అన్నీ కిందికే ఉన్నాయేమిటమ్మాయ్?"

"బావి కిందికే ఉంటది కద సార్."

"అది నిజమేననుకో. కానీ పెద్దాయన వచ్చిన రోజున గోడ మీద అన్నీ దిగిపోతూ కనిపిస్తే ఏం బాగుంటుంది? ప్రగతి అన్నది పైకి కదా ఉండాలి."

"ఇది ప్రగతి కాదు సార్, కరువు."

ఆయన కలం మూత పెట్టేశారు. గెలిచాననుకున్నాను. నేను మాటలో గెలిచిన ప్రతిసారీ పని వేరే వైపు నుంచి జరిగిపోతుందని నాకు అప్పటికింకా తెలియదు.

మా ఆఫీసులో ఒక ఆచారం ఉండేది. సారు చివరి నిమిషం దాకా పేర్లు దిద్దుతారు కాబట్టి, పటం మీద అక్షరాలు ముందుగా రాయకూడదు. అక్షరాలన్నీ విడి చీటీల మీద రాసి, ఆ పొద్దున్నే అంటించాలి. షేక్‌పేట వైపు దుకాణాలకు బోర్డులు రాసే ఒక మామ ఉండేవాడు, అందరూ బోర్డుల మామ అనేవారు. ఆ పని ఆయనది. పెద్దాఫీసరు వచ్చే రోజున నా బస్సుకు బుద్ధి పుట్టలేదు. పరుగు, నడక కలిపి నేను ఆఫీసు చేరేసరికి జీపు ముందే వచ్చి నిలబడి ఉంది. వాకిట్లో గుట్ట మీది ఆడవాళ్లు, వాళ్ల ముందు నీళ్లక్క. లోపల గోడ మీద ఒక పూలతోట.

నేను అబద్ధం చెప్పడం లేదు, తోటే. పటాన్ని తిప్పి కింది కర్ర పైకి వచ్చేలా తగిలించారు, సారు కోరిన ప్రగతి అది. నా తాళ్లన్నీ కింది నుంచి పైకి లేచిన కాడలయ్యాయి. బోర్లాపడిన బిందెలు బోర్డుల మామకు మొగ్గల్లా కనిపించాయట. ఆయన కళాకారుడు కాబట్టి ఊరుకోలేక, ఒక్కొక్క బిందె చుట్టూ గులాబీ రంగు రేకులు వేసి తామరలు చేశాడు. చీటీలు ఆ వైపుకే చక్కగా అంటించారు. గుట్ట మీది వాడ ఏప్రిల్ తామర అన్నింటికంటే ఎత్తుగా, అన్నింటికంటే అందంగా పూసింది.

"బాగుంది. చాలా బాగుంది," అంటున్నారు పెద్దాఫీసరు. "చూడగానే అర్థమవుతోంది. ఇది ఏ వాడ?"

"గుట్ట మీది వాడ అండి," అన్నారు మా సారు.

"ఎండాకాలంలో కూడా ఇంత ఎత్తా! మరి ఇక్కడ ఇబ్బందేముంది? పాపం, ఈ చెరువు కింది వాళ్లవే మరీ పొట్టిగా ఉన్నాయి. బోరు అక్కడ వేద్దాం."

మా సారు జేబులోని కలం పట్టుకున్నారు. వదిలేశారు. ఆయనకు తెలుసు, ఆ అంకెలు ఎర్రసిరాతో ఆయన దిద్దినవే. కానీ పెద్దాఫీసరు మాటను దిద్దే సిరా ఆయన కలంలో లేదు. వాకిట్లోంచి నీళ్లక్క, "ఏమంటుండు బిడ్డా? మాకేనా?" అని అడిగింది.

నేను కుర్చీ ఎక్కి పటం దించాను. "రంగు ఇంక ఆరలే అమ్మా!" అని బోర్డుల మామ అరిచాడు. ఆరలేదు, నిజమే, అరచేతులూ చీర కుచ్చిళ్లూ గులాబీ అయ్యాయి. తిప్పి తగిలించాను. ఇప్పుడు తాళ్లు సరిగ్గా వేలాడుతున్నాయి, అక్షరాలు తలకిందులయ్యాయి.

"ఏమిటమ్మా ఇది? ఎవరు నువ్వు?" అన్నారు పెద్దాఫీసరు.

"ఇది గీసినదాన్ని సార్. ఇవి పూలు కావు, బిందెలు. ఇవి కాడలు కావు, తాళ్లు. తాడు ఎంత పొడుగుంటె నీళ్లు అంత కిందున్నట్టు. పొడుగు తాడు పండుగ కాదు సార్, ముప్పు. మీరెప్పుడన్న బావిల నీళ్లు చేదిండ్రా? చేదకుంటె ఫికర్ లేదు, గుట్ట మీద బావి ఉన్నది, తాడున్నది, అక్కలున్నరు. పోదాం పాండ్రి, ఒక్క బిందె చేదుండ్రి. అప్పుడు చెప్పుండ్రి బోరు ఎక్కడ్నో."

పెద్దాఫీసరు పటం వైపు తిరిగి, తలకిందులున్న చీటీలు చదవడానికి మెడను మెల్లగా కుడి భుజం మీదికి వంచారు. ఆయన వంచారని మా సారు వంచారు. సారు వంచారని పటేలు గారు వంచారు. గుమ్మంలో ఆడవాళ్లు, ఏముందో చూద్దామని, కడవలతో సహా వంగారు. ఆ గదిలో మెడ నిటారుగా ఉన్నది నాకొక్కదానికే (అక్క కథలోని వంకర మెడ ఇదే. కాస్త నొప్పి పుట్టి ఉంటుందేమో గానీ దవాఖాన దాకా పోలేదు). చాలాసేపటికి ఆయన మెడ సరిచేసుకుని, నా గులాబీ చేతుల వైపు ఒకసారి చూసి, "అచ్చా" అన్నారు. పక్కనున్నాయనతో "గుట్ట మీది వాడ అని రాసుకోండి" అన్నారు. పటేలు గారింటి చాయ్ ముట్టుకోకుండానే జీపెక్కారు.

బోరు పడింది. పంపు కొట్టిన మొదటి రోజు నీళ్లక్క చెంబెడు నీళ్లు తెచ్చి నా చేతికిచ్చి, "తాగు. గానాడు గంత మొత్తుకున్నవ్, నోరు ఎండిపోయి ఉంటది" అంది. ఎర్రసిరా సారు కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. తరువాత ఒకరోజు నేను వచ్చేసరికి ఇటుక నా బల్ల మీద ఉంది, పుస్తకం మళ్లీ ఫ్యాను కింద ఉంది. ఆయన తీర్పు అది. నేనూ అప్పీలు చేసుకోలేదు, ఆ పుస్తకానికి అదే సరైన పని.

ఇప్పుడు మా అక్క కూతురు ఆ మాదాపూర్‌లోనే ఒక అద్దాల మేడలో పని చేస్తోంది. దాని పనీ అంకెలకు బొమ్మలు వేయడమే, కంప్యూటర్‌లో. మొన్న ఇంటికి వచ్చి సోఫాలో కూలబడి, "చిన్నమ్మా, నేర్చుకోనీకి ఎన్ని పుస్తకాలున్నయో, ఎన్ని నమూనాలున్నయో, చూసుడే ఒడుస్తలేదు. చూసి చూసి అలిసిపోయిన, ఒక్కటి గీయలే. నువ్వు ఎట్ల నేర్చుకున్నవ్?" అని అడిగింది. నాకున్న ఒక్క పుస్తకం ఫ్యాను కింద ఉండేదని చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, "అదృష్టవంతురాలివి" అంది. ఒకరోజు నన్ను వాళ్ల ఆఫీసు చూపించడానికి కూడా తీసుకుపోయింది. గుట్ట మీది వాడ ఎక్కడుండేదో నాకు తెలియలేదు. బండలు పగలగొట్టారు కదా, ఇక గుట్ట ఎట్లా తెలుస్తుంది? అక్కడెక్కడో కార్లు నిలిపే చోట నిలబడి నా అరచేతులు చూసుకున్నాను. కుర్చీ ఎక్కిన ఆ పిల్ల అంటే నాకిప్పుడు కొంచెం ముద్దొస్తుంది, కొంచెం భయమేస్తుంది. ఆ కుర్చీ ఇప్పుడైతే ఎక్కలేను.

పెళ్లిళ్లలో మా అక్క ఏం చెప్పుకున్నా ఇక ఫరవాలేదు. నన్ను తొలిచేది అది కాదు. పెద్దాఫీసరు ఏం చూసి మనసు మార్చుకున్నారని నీళ్లక్కను ఒకసారి అడిగితే, "ఏదైతేంది బిడ్డా, నీళ్లయితె వచ్చినయ్ కదా" అంది. ఆమెకు చాలు, నాకు చాలదు. అన్ని బస్సులు మారి, ఇటుక మోసి, నర్సమ్మతో మాటలు పడి, తాడు చూసి గీసిన పటం నాది. ఆ పెద్దాఫీసరు గారు ఎక్కడున్నారో, ఏ కుర్చీలో పేపరు చదువుకుంటున్నారో, అసలు ఉన్నారో లేదో తెలియదు. ఉండి, ఇది చదివితే మాత్రం ఒక్క సంగతి చెప్పండి సార్. ఆ రోజు మీరన్న "అచ్చా" నా పటానికా, నా నోటికా?